తువ్వాలుకు నూట అరవై, వదినకు డెబ్బై

చిట్టి అనే పేరు విని ఏ బక్కపలచని పిల్లో అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఆ లాండ్రీకి ఆమె సూపర్‌వైజరు. మెడలో ఈల, చేతిలో ట్యాబ్, నడిస్తే ఉతికే మిషన్ల చప్పుడులో కూడా వినబడే అడుగులు. చిన్నప్పుడు ఇంట్లో పెట్టిన ముద్దుపేరు పెద్దయ్యాక కూడా వదల్లేదు, అంతే. అలాంటి చిట్టి ఒకరోజు పొద్దున్నే చంకలో అట్టపెట్టె ఇరికించుకుని, ముఖం చేటంత చేసుకుని, మిషన్ల మధ్యకు పరుగెత్తుకొచ్చింది.

"అందరూ ఇలా రండే! ఈసారి కప్పు మనదే!"

"ఏం తెచ్చావే అమ్మాయ్?" అంది వదిన, మిషనులోంచి తడి దుప్పట్ల చిక్కు లాగుతూనే.

వదిన అంటే చిట్టికి సొంత వదిన, అన్నభార్య. చిట్టి నోట 'వదినా, వదినా' అని వినీ వినీ లాండ్రీలో పిన్నా పెద్దా అందరికీ ఆమె వదినే అయిపోయింది. హాస్పిటళ్ళ నుంచీ హోటళ్ళ నుంచీ రోజూ గుట్టలు గుట్టలుగా వచ్చిపడే దుప్పట్లు ఉతికే చోటు అది. ఉతికాక దుప్పట్లన్నీ మిషను కడుపులో ఒకదానికొకటి పెనవేసుకుని మోకుల్లా తయారవుతాయి. ఆ పెనను ఒక్క గుంజుతో బయటపడేయగలిగింది వదిన ఒక్కతే. అందుకే తాడు లాగే పోటీలో ఏటా ఆఖరి చోటు ఆమెదే. దాన్ని లంగరు అంటారు. తాడు కొసను చంక కింద నుంచి వీపు మీదుగా భుజం మీదకు తెచ్చుకుని, మడమలు నేలలోకి దిగేసి, ముందున్న ఏడుగురూ ఎటు ఊగినా తను మాత్రం ఉలక్కుండా పలక్కుండా నిలబడాలి. లంగరు కదిలిందా, ఇక జట్టు పని అయిపోయినట్టే.

చుట్టుపక్కల పనిచేసే ఆడవాళ్ళ జట్లన్నీ ఏడాదికోసారి తలపడే పోటీ అది. కప్పు మాత్రం ప్రతిసారీ బస్సు డిపోవాళ్ళే ఎగరేసుకుపోతున్నారు. గెలిచినవాళ్ళు గెలిచినట్టు ఊరుకుంటే బాగుండును! డిపో యూనిఫారాలు ఉతికేది కూడా ఈ లాండ్రీలోనే. మూట తెచ్చి పడేసిన డ్రైవరమ్మ వెళ్తూ వెళ్తూ, "జాగ్రత్తగా ఉతకండమ్మా, గెలిచినవాళ్ళ చొక్కాలు అవి" అని ఒక మాట విసిరి పోయేది. ఆ మాటకు లాండ్రీ లాండ్రీ అంతా కుతకుత ఉడికిపోయేది.

చిట్టి అట్టపెట్టె మూత తీసింది. లోపల నల్లగా నిగనిగలాడుతూ ఎనిమిది వాచీలు.

"వ్యాయామం చేసేవాళ్ళు పెట్టుకునే వాచీలు ఇవి. మణికట్టుకు కట్టుకుంటే గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చెప్పేస్తాయి. ఎనిమిది మందివీ నా ట్యాబ్‌లో కనిపిస్తాయి. ఎవరు ప్రాణం పెట్టి లాగుతున్నారో, ఎవరు ఊరికే తాడు పట్టుకుని వేలాడుతున్నారో ఇక దాగదు!"

"అమ్మో, మన గుట్టంతా నీ చేతిలో పడిందన్నమాట," అని ఎవరో అన్నారు. అందరూ ఘొల్లున నవ్వారు. వదిన కూడా నవ్వింది. తడి చెయ్యి చీరకొంగుకు తుడుచుకుని తన వాచీ తీసుకుంది. ఎంత ముద్దుగా ఉందో! చేతికి కొత్త వాచీ వచ్చి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

పని దిగాక లాండ్రీ వెనక ఖాళీ జాగాలో సాధన మొదలైంది. అక్కడ నేల కొంచెం వాలుగా ఉంటుంది. దుప్పట్లు మోసే వ్యాను వెనక కొక్కేనికి తాడు కట్టి, గేరు తీసేసి, వాలు మీదకు లాగడమే సాధన. వ్యానులో కూర్చున్నది వదిన మొగుడు, అంటే చిట్టి అన్న. లాండ్రీ వ్యాను నడిపేది ఆయనే. వ్యాను కిందికి జారితే బ్రేకు తొక్కడం ఒక్కటే ఆయన పని. ఆ పనిని ఆయన ఎంతో బాధ్యతగా, సగం నిద్రలో చేసేవాడు.

చిట్టి ఈల వేసింది. ఒక ఈలకు ఒక ఊపు. ఈల, ఊపు, ఈల, ఊపు. వ్యాను అంగుళం అంగుళం పైకి పాకుతోంది. చిట్టి ఒక చేత్తో ఈల, ఒక చేత్తో ట్యాబ్ పట్టుకుని, "నూట యాభై! నూట అరవై! శభాష్! ఉయ్యాలా, నీది నూట డెబ్బై దాటిందే!" అని గంతులేస్తోంది.

ఉయ్యాల అంటే దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గర పనిచేసే పిల్ల. మడత మడతకూ ఇటొకసారి అటొకసారి ఊగుతుంది కాబట్టి ఆ పేరు. తాడు పట్టుకున్నా అంతే, జుట్టు ముడితో సహా ఊగేది. మనసు వెన్న. బలం అంటారా, అది కూడా వెన్నే.

గంతులేస్తున్న చిట్టి ఉన్నట్టుండి ఆగిపోయింది. ట్యాబ్ కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది.

"వదినా, నీది డెబ్బై చూపిస్తోందేమిటి?"

"నాకేం తెలుసే? నా ప్రాణం మాత్రం పైకే పోతోంది!" అని వదిన రొప్పుతూ అంది.

"వాచీ బిగించుకో." బిగించుకుంది. "ఇంకో చేతికి మార్చు." మార్చింది. మళ్ళీ ఈల, మళ్ళీ ఊపు. వదిన పళ్ళు బిగపట్టి, కళ్ళు మూసుకుని, ఉన్న సత్తువంతా కూడగట్టుకుని లాగింది. వ్యాను ఒక్కసారి పైకి వచ్చేసరికి లోపలున్న మొగుడు ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. అంతటి లాగుడుకు ట్యాబ్‌లో వచ్చిందెంతో తెలుసా? అరవై ఎనిమిది! ఎంత గట్టిగా లాగితే అంత తగ్గుతోంది!

తాడు కింద పడింది. ఏడుగురూ వెనక్కి తిరిగి వదిన వంక చూశారు. చిట్టి ముఖం ఎర్రబడింది.

"కుర్చీలో కూర్చుని కబుర్లు చెప్తే కొట్టుకునేంత కొట్టుకుంటోంది వదినా నీ గుండె. అందరూ చెమటలు కక్కుతుంటే నువ్వొక్కదానివే ఒళ్ళు దాచుకుంటున్నావా?"

ఒళ్ళు దాచుకోవడం! ఆ మాట వదినకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. చిన్నతనం నుంచీ ఏ పనిలోనూ ఎవరిచేతా అనిపించుకోని మాట. అన్నదెవరు, పరాయివాళ్ళా? తను కాపురానికి వచ్చిన కొత్తలో జడ వేయించుకోవడానికి దువ్వెన పట్టుకుని ఇల్లంతా వెంట తిరిగిన ఆడపడుచు. వదిన తల దించుకుని, కింద పడ్డ తాడును మళ్ళీ భుజానికి ఎత్తుకుంది.

చిట్టి బాధ చిట్టికి ఉంది, అది కూడా చెప్పాలి. సొంత వదిన కాబట్టి వెనకేసుకొస్తోందని నలుగురూ అంటారని ఆమెకు ఎప్పుడూ భయమే. అందుకే ఎవరినైనా ఒక మాట అనాల్సివస్తే వదినను రెండు మాటలు అనేది. సూపర్‌వైజరు అయిన దగ్గర్నుంచీ ఇదే వరస.

ఇంటికొచ్చాక వదిన మొగుడి ముందు గిన్నెలన్నీ ఎత్తి కుదేసింది.

"మీ చెల్లెలు నన్ను అందరి ముందూ దొంగను చేసింది. మీరు వ్యానులో కూర్చునే ఉన్నారు. బండి ఎవరు లాగితే కదిలిందో మీకు తెలియదా?"

"నాకు వెనక ఏం కనబడుతుందోయ్," అన్నాడాయన కంచంలోంచి తల ఎత్తకుండా. "అయినా నన్ను మీ మధ్యలోకి తీసుకురాకండి. ఇటు పెళ్ళాం, అటు చెల్లెలు. ఎటు మాట్లాడినా నాకు రేపు భోజనం ఉండదు."

"ఉండదు. ఇవాళ కూడా ఉండదు," అని వదిన ఆయన ముందు నుంచి గిన్నె లాక్కుపోయింది.

ఆ తర్వాత సాధన జరిగిన ప్రతిసారీ అదే తంతు. తక్కినవాళ్ళవి నూట యాభైకి తగ్గవు, వదినది డెబ్బై దాటదు. వదిన పట్టుదలకు పోయి ఇంకా ఇంకా లాగింది. అరచేతులు బొబ్బలెక్కాయి, భుజం మీద తాడు ఒరుసుకుని వాత తేలింది. ఏం లాభం? వాచీకి జాలి లేదు. పోటీ దగ్గర పడ్డాక చిట్టి అందరినీ పిలిచి, వదిన వైపు చూడకుండా గబగబా చెప్పేసింది.

"లంగరు చోటులో ఉయ్యాల నిలబడుతుంది. అందరికంటే గుండె పెట్టి లాగేది తనేనని కనబడుతూనే ఉంది. ఉయ్యాల చోటులోకి మడత బల్ల దగ్గరి ఇంకో పిల్ల వస్తుంది. వదిన అదనపు మనిషిగా బయట ఉంటుంది, నీళ్ళ సీసాలు చూసుకుంటుంది."

ఉయ్యాల బిక్కచచ్చిపోయింది. "అక్కా, నా వల్ల కాదక్కా! వదిన ముందు నేనెంత?"

"వాచీ కంటే నీకు ఎక్కువ తెలుసా?" అని చిట్టి ఒక్క కసురు కసిరింది.

వదిన వెళ్ళి తన మిషను దగ్గర నిలబడి, చిక్కుపడ్డ దుప్పట్లను ఎవరి మీదో కోపంలా గుంజి గుంజి పడేసింది. నీళ్ళ సీసాలట! కప్పు పోతే పోనీ, జట్టులోంచి తీసేస్తే తీసేయనీ. కానీ లాగకుండా లాగినట్టు నటించిందన్న మాట మాత్రం తన మీద ఉండిపోకూడదు. దాన్ని ఎలా చెరపాలో ఆమెకు తోచలేదు.

పోటీకి ముందురోజు జరిగింది అసలు తమాషా.

ఆ లాండ్రీలో ఒక అలవాటు ఉంది. నీళ్ళలో చెయ్యి పెట్టేముందు గాజులు, ఉంగరాలు, వాచీలు ఏవున్నా తీసేయాలి, లేకపోతే దుప్పట్లకు పట్టుకుని చిరుగుతాయి. తీసినవి ఎక్కడపడితే అక్కడ పెడితే పోతాయి. అందుకని ఒక చిన్న తువ్వాలును గట్టిగా చుట్టగా చుట్టి, దానికి వాటిని తొడిగేసి, నీళ్ళు పిండే మిషను నెత్తిన పెడతారు. మిషను ఎంత అదిరినా చుట్ట మెత్తగా అక్కడే కూర్చుని ఊగుతుంది తప్ప కింద పడదు. ఆ రోజు వదిన తన వాచీ కూడా తీసి ఆ చుట్టకు బిగించి, దుప్పట్లు మిషనులో వేసి, అది తిరగడం మొదలుపెట్టాక టీ గ్లాసు పట్టుకుని మెట్ల మీద కూలబడింది.

సగం టీ తాగిందో లేదో, పైన అద్దాల గదిలోంచి చిట్టి కేక వినబడింది. ఆ వెంటనే మెట్ల మీద ధనధనమని అడుగులు. చిట్టి రెండేసి మెట్లు దూకుతూ వస్తోంది, ట్యాబ్‌ను జెండాలా ఎత్తి పట్టుకుంది.

"వదినా! వదినా! నూట అరవై! నూట అరవై వచ్చింది నీకు! నేను చెప్పలేదూ, మనసు పెడితే నీకంటే లాగేవాళ్ళు లేరని! ఏం మోస్తున్నావో చెప్పు, అదే రేపు..."

మలుపు తిరిగి మెట్ల మీద కాళ్ళు చాపుకుని టీ తాగుతున్న వదినను చూసి బొమ్మలా నిలబడిపోయింది.

"నువ్వు... కూర్చునున్నావేం?"

"ఏం, కూర్చోకూడదా?"

"మరి ఈ నూట అరవై ఎవరిది?"

వదిన ఒకసారి తన ఖాళీ మణికట్టు చూసుకుంది. ఒకసారి మిషను నెత్తిన గజగజలాడుతున్న తువ్వాలు చుట్టను చూసింది. ఆ తర్వాత గ్లాసు మెట్టు మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పగలబడి నవ్వింది. నవ్వుతూనే వేలెత్తి చూపించింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా వచ్చి చూసి పొట్టలు పట్టుకున్నారు.

"తువ్వాలుకు గుండె ఉందర్రోయ్!"

"లంగరు చోటులో దాన్నే నిలబెట్టు చిట్టమ్మా, తిండి కూడా అడగదు!"

"తువ్వాలుకు నూట అరవై, వదినకు డెబ్బైయా! పాపం వదినా, ఉతికే గుడ్డ మీ కంటే నయమట!"

నవ్వు ఆగాక వదిన లేచి చిట్టి ఎదుటికి వచ్చింది. ఇప్పుడామె కళ్ళలో నవ్వు లేదు.

"చూశావుగా. గుడ్డపీలికకు ప్రాణం ఉందని చెప్పిన వాచీ మాట నమ్మి నన్ను దొంగను చేశావే చిట్టీ."

చిట్టి ఒప్పుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో సరి. కానీ అందరూ నవ్విన తర్వాత ఒప్పుకోవడం అంత తేలికా? ముఖం కందగడ్డ చేసుకుని, "ఆ ఒక్క వాచీ చెడిపోయి ఉంటుంది. అంతమాత్రానికే ఇంత గోలా! పదండి, ఇప్పుడే తేల్చేద్దాం," అని అందరినీ వెనక జాగాలోకి తోలుకుపోయింది. వదిన వాచీ తీసి ఉయ్యాలకు కట్టింది, ఉయ్యాల వాచీ తీసి వదినకు కట్టింది. తాడు పట్టించింది. ఈల వేసింది.

ఉయ్యాలకు నూట డెబ్బై. వదినకు డెబ్బై.

"చూశారా! వాచీలు మారినా మనుషులు మారలేదు! తప్పు వాచీలది కాదు!" అని చిట్టి విజయం సాధించినట్టు చుట్టూ చూసింది.

"మరి తువ్వాలు?" అంది ఇస్త్రీ మిషను దగ్గర పనిచేసే పెద్దావిడ.

"అది మిషను మీద ఊగుతోంది కాబట్టి వాచీ పొరబడింది."

"ఉయ్యాల కూడా ఊగుతూనే ఉంటుందిగా తల్లీ," అంది పెద్దావిడ తాపీగా.

ఒక్క క్షణం చిట్టి ముఖంలో ఏదో మెదిలింది. కానీ రేపే పోటీ, జట్టు పేర్లు ఇచ్చేసింది, పైగా అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆమె ఒంటికి పడని పని. "ఇక చాలు, అందరూ ఇళ్ళకు పోండి," అని ఈల జేబులో వేసుకుని వెళ్ళిపోయింది.

పోటీ రోజు మైదానంలో ఇసుక వేస్తే రాలనంత జనం. ఆఖరి పోరు అనుకున్నట్టే లాండ్రీకీ డిపోకీ పడింది. మూడింటిలో రెండు గెలిచినవాళ్ళకు కప్పు. డిపో లంగరు ఒక మెకానిక్కు, బస్సు టైర్లు దొర్లించే మనిషి, తాడు భుజానికి వేసుకుని నిలబడితే రాతి స్తంభం లేచి వచ్చినట్టుంది. ఇటు కొసన ఉయ్యాల నిలబడి ఉంది. తాడు ఆమె నడుముకు చుట్టుకుందో, ఆమె తాడుకు చుట్టుకుందో తెలియడం లేదు. గీత బయట నీళ్ళ సీసాల పక్కన వదిన. కూర్చోలేకపోతోంది, నిలబడలేకపోతోంది. కోపం ఎటుపోయిందో ఏమో, కాళ్ళు మాత్రం వాటంతట అవే నేలలోకి దిగబడుతున్నాయి.

"లాగండి!"

చిట్టి ఈల మొదలైంది. లాండ్రీ జట్టు ఊగింది. డిపో జట్టు ఊగలేదు, ఒక్కటంటే ఒక్క గుంజు గుంజింది. అంతే! ఉయ్యాల కాళ్ళు గాలిలోకి లేచాయి. ముందున్నవాళ్ళు ఒకరి మీద ఒకరు, వెనక ఉయ్యాల పొట్ట మీద, మొత్తం ఎనిమిది మందీ దుమ్ములో బరబరా ఈడ్చుకుపోయారు. కప్పు సగం పోయింది. డిపోవాళ్ళ ఈలలు, చప్పట్లు, మిన్ను విరిగి మీద పడ్డట్టు గోల.

చిట్టి చేతిలో ట్యాబ్ అలాగే ఉంది. దుమ్ములో ఈడ్చుకుపోతున్నంతసేపూ ఉయ్యాల పేరు పక్కన నూట డెబ్బై నాలుగు! ఉయ్యాల లేచి, రెండు చేతులూ గాలిలో తిప్పుతూ, ఏడుపు గొంతుతో, "చెప్పానా అక్కా, నా వల్ల కాదని చెప్పానా!" అంటూ వచ్చింది. చేతులు తిప్పే కొద్దీ ట్యాబ్‌లో అంకె పైకి పోయింది. చిట్టి గబుక్కున ఉయ్యాల రెండు చేతులూ పట్టుకుని ఆపింది. కాసేపు అలాగే పట్టుకుంది. అంకె జరజరా కిందికి దిగిపోయింది.

చిట్టి ఆ చేతుల వంక చూసింది. తన ఈల వంక చూసింది. ఇన్నాళ్ళూ తను చూసి మురిసిపోయింది ఎవరి గుండెనూ కాదు. తన ఈలకు ఊగిన చేతులను.

"విప్పి పారేయండే ఆ వాచీలు! అందరూ విప్పండి!" అని అరిచి, ట్యాబ్ ఎక్కడ పడిందో కూడా చూసుకోకుండా నీళ్ళ సీసాల దగ్గరికి పరుగెత్తింది. "వదినా, రా. ఒక మనిషిని మార్చుకోవచ్చు. తాడు పట్టుకో, రా వదినా!"

వదిన కదల్లేదు. "ఒళ్ళు దాచుకునేదాన్ని నన్నెందుకు పిలుస్తున్నావు?"

"వదినా, ఇది సమయం కాదు..."

"అందరి ముందూ అన్నావు చిట్టీ. తప్పయిందని నా చెవిలో చెప్పొద్దు. అన్నది ఎలా అన్నావో అలాగే చెప్పు."

చిట్టి గొంతు సవరించుకుంది. మాట గొంతులోకి వచ్చిందో లేదో, అవతల అంపైరు చెయ్యెత్తాడు, "లాండ్రీవాళ్ళు వస్తారా, ఓడిపోయినట్టు రాసుకోమంటారా?" అని కేక పెట్టాడు. తాడు దగ్గర ఏడుగురూ గుడ్లప్పగించి వదిన వైపే చూస్తున్నారు. అందరి మోచేతులూ చెక్కుకుపోయి ఉన్నాయి. వదిన వాళ్ళను చూసింది. ఇక ఆగలేకపోయింది. కొంగు నడుముకు బిగించి, చెప్పులు విడిచి, పరుగెత్తింది.

తాడు చంక కింద నుంచి వీపు మీదుగా భుజం మీదకు వచ్చింది. మడమలు దిగాయి. అబ్బ, ఆ తాడు బరువు ఒంటికి తగిలేసరికి వదినకు ప్రాణం లేచొచ్చింది!

"లాగండి!"

డిపోవాళ్ళు మళ్ళీ అదే గుంజు గుంజారు. తాడు బిర్రుగా మోగింది. ముందు ఏడుగురూ ఒక్కసారి కదిలిపోయారు. కానీ కొసన ఉన్న మనిషి కదల్లేదు. ఆ గుంజు వచ్చి వదిన వీపు దగ్గర ఆగిపోయింది! డిపోవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకునే లోపల చిట్టి ఈల మోగింది, ఏడుగురూ వెనక్కి వాలారు, తాడు మధ్యన కట్టిన ఎర్రగుడ్డ ఇటు జారింది, ఇటు, ఇంకా ఇటు. ఈల! గెలుపు! లాండ్రీవాళ్ళ పిల్లలూ మొగుళ్ళూ మైదానంలోకి దూకబోతే నిర్వాహకులు ఆపారు. వదిన మొగుడైతే వ్యాను పైకెక్కి నిలబడి హారను ఎవరైనా కొట్టండర్రా అని అరుస్తున్నాడు.

ఇక మూడోది. తాడో పేడో తేలిపోవాలి.

ఈసారి ఎర్రగుడ్డ ఎటూ పోలేదు. రెండు జట్లూ వాలి, బిగుసుకుని, ఊపిరి బిగపట్టి నిలిచిపోయాయి. వదినకు ఆకాశం కనబడటం లేదు, జనం కనబడటం లేదు. చెవుల్లో హోరు. గుండె గొంతులోకి వచ్చి బాదుతోంది, పక్కటెముకలు పగిలిపోతాయేమోనన్నంతగా. వేళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు. వదిలేయ్ అని ఒళ్ళంతా అరుస్తోంది. వదలను, చచ్చినా వదలను అనుకుంది.

చిట్టి ఈల వేయడం లేదు. జట్టు పక్కనే మోకాళ్ళ మీద పాకుతూ వదిన ముఖం దగ్గరికి వచ్చింది. చెమట, దుమ్ము, కణతల దగ్గర ఉబ్బిన నరాలు. ఇంతకాలం ట్యాబ్‌లోకే తల దూర్చి, చూడనిదంతా ఇప్పుడు చూస్తోంది. అవతల డిపో లంగరు మోకాలు ఒక్క పిసరు వణికింది. చిట్టి ఈల సంగతి మరచిపోయి గొంతు చించుకుంది.

"ఇప్పుడు వదినా! ఇప్పుడు!"

వదిన వెనక్కి ఒక అడుగు వేసింది. ఆ అడుగుతో ఏడుగురూ వచ్చారు. ఇంకో అడుగు. డిపో లంగరు మోకాలు నేలకు తగిలింది. ఇక చూడాలి! ఎర్రగుడ్డ పరుగులాంటి నడకతో గీత దాటింది. అంపైరు ఈల ఎప్పుడు మోగిందో ఎవరికీ వినబడలేదు. లాండ్రీ మొత్తం మైదానంలోకి ఉరికింది. ఉయ్యాల అందరికంటే ముందు వచ్చి ఎవరు దొరికితే వాళ్ళను కావలించుకుంది, కంగారులో ఓ డిపో ఆవిడను కూడా. డిపో లంగరు ఒళ్ళు దులుపుకుని వచ్చి, "ఈ మనిషిని మొదటి పోరులో బయట కూర్చోబెట్టిన మహానుభావురాలు ఎవరమ్మా?" అని నవ్వుతూ అడిగి పోయింది.

ఆ మహానుభావురాలు దుమ్ములో వదిన పక్కనే మోకాళ్ళ మీద ఉంది. వదిన ఇంకా తాడు పట్టుకునే కూర్చుని ఉంది.

"అయిపోయింది వదినా, వదిలేయ్. గెలిచాం."

"వదలడానికి రావట్లేదే," అంది వదిన ఎగశ్వాసతో. "వేళ్ళు మాట వినట్లేదు."

చిట్టి ఆ చెయ్యి పట్టుకుని ఉలిక్కిపడింది. మంచుముద్దలా చల్లగా ఉంది. తాడు చుట్టూ బిగుసుకున్న వేళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోయి ఉన్నాయి, మణికట్టు కొయ్యలా గట్టిపడి ఉంది. రక్తమన్నది పేరుకైనా లేదు. చిటికెన వేలు మెల్లగా విప్పింది. దాని పక్క వేలు విప్పింది. మణికట్టు మీద బొటనవేలు అదిమి నాడి కోసం వెతికింది. దొరకలేదు. ఇంకాస్త పక్కకు జరిపి వెతికింది. తన వేలికి దొరకని నాడి వాచీకి మాత్రం ఎక్కడ దొరుకుతుంది? దొరక్క అది తోచిన అంకె ఏదో వేసేది. ప్రాణం పెట్టి లాగిన ప్రతిసారీ ఈ చెయ్యి ఇలాగే తెల్లబారి ఉంటుంది. ప్రతిసారీ తను ట్యాబ్ చూసి తిట్టింది.

కాసేపటికి చర్మం కింద ఎరుపు దిగింది. బొటనవేలి కింద ఒక్కసారిగా ధనధనమని కొట్టుకోవడం మొదలైంది, లెక్కపెట్టడానికి కూడా వీల్లేనంత జోరుగా. చిట్టి కళ్ళలోంచి నీళ్ళు టపటపా రాలాయి. ఆ చెయ్యి వదలకుండానే జనం వైపు తిరిగి, ఈల కూడా అక్కర్లేని తన గొంతుతో మైదానం దద్దరిల్లేలా అరిచింది.

"అందరూ వినండి! మా వదిన ఏనాడూ ఒళ్ళు దాచుకోలేదు! దాచుకుందని అందరి ముందూ అన్నది నేనే, తప్పు నాదే! ఎదురుగా మనిషిని పెట్టుకుని అంకెలు చూశాను! నాదే తప్పు!"

లాండ్రీవాళ్ళు కప్పుకు కూడా కొట్టనన్ని చప్పట్లు కొట్టారు. వదిన ఆడపడుచు వంక చూసింది. ముక్కు చీదుకుంటూ, దుమ్ము కొట్టుకుపోయి, చిన్నప్పుడు జడ సరిగ్గా కుదరలేదని ఏడ్చినప్పటి ముఖంలాగే ఉంది. వదినకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"సరేలే, విన్నారు. అరిచింది చాలు," అంది. "మిగతా వేళ్ళు కూడా విప్పు తల్లీ, తాడు వాళ్ళకు ఇచ్చేయాలి."